పికప్ బండికి కమాన్లు, టైర్లు మార్చాలంటే: కాటా నుంచి ట్రయల్ దాకా

రెండేళ్ల కిందట నా పికప్‌కి వెనక కమాన్ కట్టల్లో, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీల దొంతరల్లో, చెరో రెండు పట్టీలు అదనంగా వేయించాను. ఉద్దానం తోటల నుంచి జీడిపిక్కల బస్తాలు పలాస తేవడం నా పని. లోడు వేస్తే బండి వెనక్కి కుంగిపోతోందని ఒక షాపులో చెబితే, వాళ్లు రెండు గంటల్లో పట్టీలు ఎక్కించి పంపేశారు. బండి గుర్రంలా లేచి నిలబడింది. నాకూ సంతోషమే.

వారం తిరక్కుండా లోడుతో హైవే ఎక్కాను. ముందు వెళ్తున్న బస్సు ఆగింది. బ్రేకు తొక్కితే బండి ముక్కు నేలకి వంగింది గానీ, ఆగాల్సిన చోట ఆగలేదు. బస్సు వెనక బంపర్‌కి మూరెడు దూరంలో ఆగాం. పక్కన కూర్చున్న మా బావమరిదికి చాలాసేపు మాట రాలేదు. మర్నాడు వేరే మేస్త్రి బండి కిందకి దూరి, వెనక యాక్సిల్ (చక్రాల ఇరుసు) దగ్గర ఒక సన్నటి కడ్డీ పట్టుకుని, “పట్టీలు ఎక్కించారు సరే, దీని సంగతి ఎవరు చూశారు బాబూ?” అన్నాడు. ఆ కడ్డీ సంగతి కింద వివరంగా చెబుతాను. మన వైపు కమాన్లు ఎక్కించుకునే చాలామందికి అదొకటి ఉందనే తెలీదు. ఇది రాయడానికి అసలు కారణం అదే.

ముందు కాటాకి వెళ్లండి

షాపుకి వెళ్లే ముందు వేబ్రిడ్జికి వెళ్లాలి. ఖాళీ బండిని ఒకసారి, రోజూ వేసే లోడుతో ఒకసారి తూయించండి. రెండుసార్లూ మొత్తం బరువుతో పాటు, ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద ఉంచి ఇంకో తూకం తీయించండి. మొత్తంలోంచి ముందు బరువు తీసేస్తే మిగిలింది వెనక యాక్సిల్ మీద పడే బరువు.

నా బండి లెక్క చెబుతాను. ఖాళీగా 1,720 కిలోలు: ముందు 960, వెనక 760. పలాస వ్యాపారంలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. 14 బస్తాలు వేస్తే 1,120 కిలోలు. అప్పుడు మొత్తం 2,840. అందులో ముందు 1,010, వెనక 1,830. అంటే వేసిన 1,120 కిలోల్లో 1,070 వెనకే పడింది, ముందుకి వచ్చింది 50 కిలోలే. పికప్ తొట్టె వెనక చక్రాల మీదే ఉంటుంది కాబట్టి ఇది ఏ బండికైనా ఇంచుమించు ఇలాగే వస్తుంది. బస్తాలు క్యాబిన్‌కి ఆనించి పేర్చితే ముందుకి కాస్త ఎక్కువ పోతుంది. వెనక డోరు దగ్గర పేర్చితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పలకదు. నిజానికి కొన్ని బండ్లకి కమాన్లు మార్చే అవసరమే ఉండదు, బస్తాలు పేర్చే తీరు మారిస్తే చాలు.

కంపెనీ ప్లేటు మీదా, ఆర్‌సీలోనూ గరిష్ఠ స్థూల బరువు రాసి ఉంటుంది. మీ తూకం దాన్ని దాటితే కమాన్ల దగ్గరికి వెళ్లొద్దు. లోడు తగ్గించండి, లేదా పెద్ద బండి చూసుకోండి. పట్టీలు ఎక్కించినంత మాత్రాన యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, ఛాసిస్ (బండి అడుగు చట్రం) గట్టిపడవు. కుంగడం ఆగుతుంది కాబట్టి బరువు ఎక్కువైందన్న సంగతి మన కంటికి కనబడదు, అంతే.

టేపు పట్టుకుని బండి చుట్టూ తిరగండి

చదునైన నేల మీద బండి నిలిపి, చక్రం నడిబొడ్డు నుంచి సరిగ్గా దాని పైన మడ్‌గార్డు అంచు వరకు కొలవండి. నాలుగు చక్రాలకీ, ఖాళీగానూ లోడుతోనూ కొలిచి కాగితం మీద రాసుకోండి. తర్వాత పని సరిగ్గా జరిగిందో లేదో చెప్పేది ఈ కాగితమే. ఎడమకీ కుడికీ సెంటీమీటరున్నర కంటే ఎక్కువ తేడా ఉంటే ఒక వైపు పట్టీ విరిగి ఉండాలి, లేదా వంపు చచ్చిపోయి ఉండాలి.

తర్వాత టార్చి పట్టుకుని కింద చూడండి. పట్టీల మధ్య తుప్పు గీత ఉందా, పట్టీలన్నిటినీ నడిమధ్య కలిపి ఉంచే సెంటర్ బోల్టు దగ్గర పగులు ఉందా, కట్ట చివరని ఛాసిస్‌కి కలిపే షాకిల్ లింకులోని రబ్బరు బుష్షులు అరిగి ఓవల్ అయ్యాయా, కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల దగ్గర మెరుస్తున్న గీత ఉందా. ఆ మెరుపు ఉంటే యూ బోల్టు లూజై కట్ట కదులుతోందని అర్థం. సముద్రం పక్కన తిరిగే బండ్లకి, అంటే భావనపాడు, కళింగపట్నం వైపు చేపలు మోసేవాళ్లకి, ఉప్పు గాలితో పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. అలాంటి కట్టకి కొత్త పట్టీ చేర్చడం డబ్బు దండగ.

చివరగా బంప్ స్టాప్ చూడండి. ఛాసిస్ కింద ఉండే రబ్బరు దిమ్మ అది. లోడు వేసి నిలబడ్డప్పుడు దానికీ యాక్సిల్‌కీ మధ్య రెండు వేళ్లు కూడా దూరకపోతే, గోతిలో పడిన ప్రతిసారీ దెబ్బ నేరుగా ఛాసిస్‌కి తగులుతోంది. కమాన్ల పని నిజంగా అవసరమైన బండి ఇదే.

ఏం మార్చాలి

“బండి కుంగుతోంది, షాకులు మార్చండి” అనే మాట తరచూ వింటాను. షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. బరువు మోసేది కమాను. కమాను ఒకసారి వంగి లేచాక అదే పనిగా ఊగకుండా ఆపేది షాకు. గొయ్యి దాటాక బండి రెండు మూడు సార్లు ఊగుతుంటే, లేదా షాకు మీద నూనె చెమ్మ కనబడితే, షాకు పోయినట్టు. నిలబెట్టినప్పుడే వెనక దిగిపోయి ఉంటే కమాను పోయినట్టు.

కమాను పోతే మన ఊళ్లలో ముందుగా చెప్పేది వంపు కొట్టించడం. పాత పట్టీని సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెస్తారు. ఖర్చు తక్కువే. కానీ స్ప్రింగు స్టీలుకి ఆ గుణం వచ్చేది వేడి చేసి, నూనెలో చల్లార్చి, మళ్లీ తగిన వేడిలో ఉంచడం వల్ల. అదేమీ లేకుండా కొట్టిన వంపు కొన్ని నెలల్లో దిగిపోతుంది. సుత్తి దెబ్బ పడిన గంటు దగ్గరే పగులు మొదలవుతుంది. పని గడవని రోజుల్లో తప్ప దీన్ని నేను ఎవరికీ చెప్పను.

రెండోది అదనపు పట్టీ. ఇక్కడ ఒక లెక్క తెలియాలి. పట్టీ గట్టితనం దాని మందం ఘనంతో పెరుగుతుంది. 7 మిల్లీమీటర్ల పట్టీ కంటే 8 మిల్లీమీటర్ల పట్టీ మందంలో ఏడో వంతే ఎక్కువ, గట్టితనంలో మాత్రం ఒకటిన్నర రెట్లు. అందుకే “ఒక పట్టీయే కదా” అని షాపులో దొరికింది వేసేస్తే బండి స్వభావమే మారిపోతుంది. చెరో రెండు వేయించాక నా బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం ప్రతి గతుక్కీ ఎగిరిపడేది. ఎగిరిన చక్రానికి రోడ్డు మీద పట్టు ఉండదు. వాన రోజున మలుపులో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇప్పుడు పాత పట్టీల మందానికే సరిపోయేది ఒక్కొక్కటి ఉంచి, రెండోది తీయించేశాను. కుంగడం తగ్గింది, ఖాళీ బండి కూడా నేల మీద ఉంటోంది.

సగం రోజు నిండుగా, సగం రోజు ఖాళీగా తిరిగే బండికి నాకు నచ్చింది హెల్పర్ కట్ట. ఇది ప్రధాన కట్టకి పైన గానీ కింద గానీ ఉండి, బరువు పడి బండి కొంత దిగాక మాత్రమే తగిలి పని మొదలుపెడుతుంది. ఖాళీగా ఉన్నంతసేపూ దాని ఊసే ఉండదు. మీ మోడల్‌కి కంపెనీయే హెల్పర్ ఇస్తుంటే, అదే కొనండి. గాలి నింపే రబ్బరు హెల్పర్లు కూడా ఈ పనే చేస్తాయి. లోడుని బట్టి గాలి పెంచి తగ్గించుకోవచ్చు. అయితే అవి బరువంతటినీ ఛాసిస్ మీద ఒకే చోట మోపుతాయి. పాత బండికి ఆ చోట పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి నెలకోసారి అక్కడ చూసుకోవాలి.

పట్టీలు తుప్పుపట్టినా, విరిగినా ఆలోచన లేదు: రెండు వైపులా కొత్త కట్టలు. ఒక్క వైపే మార్చకండి. కట్ట గట్టిపడితే పాత షాకు దాన్ని ఆపలేదు, షాకులు కూడా జతగా మార్చండి.

ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి వాటికి ముందు చక్రాలు విడివిడిగా కదిలే కాయిల్ స్ప్రింగుల మీద ఉంటాయి, వెనక మాత్రం కమాన్లే. వాటికి లిఫ్ట్ కిట్ వేసి బండి పైకి ఎత్తాలనే కుర్రాళ్లు విజయనగరంలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఎంత ఎత్తితే అంత ముందు యాక్సిల్ జాయింట్ల కోణం పెరిగి, వాటి రబ్బరు బూట్లు చిరుగుతాయి. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు, సర్దే హద్దు కూడా దాటిపోతుంది. రాళ్ల దారిలో పనే లేకపోతే ఎత్తించకండి.

బిగించేటప్పుడు పక్కనే ఉండండి

మేస్త్రి మీద నమ్మకం లేక కాదు, కొన్ని చూసుకోవాలి. బండిని ఒట్టి జాకీ మీద ఉంచి కిందకి దూరనివ్వకండి. ఛాసిస్ కింద స్టాండ్లు, ముందు చక్రాలకి అడ్డు దిమ్మలు ఉండాలి. యూ బోల్టులు కొత్తవే వేయించండి. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టు మళ్లీ అంత పట్టు ఇవ్వదు, పైగా కట్ట మందం పెరిగితే పొడవు కూడా చాలదు. సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీద దాని గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. కూర్చోకపోతే యాక్సిల్ వంకరగా పోయి బండి పక్కకి నడుస్తుంది. యూ బోల్టు నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, ఆఖరి బిగింపు కంపెనీ చెప్పిన టార్క్‌తో (బిగింపు బలంతో), టార్క్ రెంచితో జరగాలి.

షాకిల్ బోల్టులు, బుష్షుల బోల్టులు మాత్రం బండి చక్రాల మీదకి దిగాకే గట్టిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్షు ఆ మెలిలోనే బిగుసుకుపోయి, బండి దిగగానే మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. తొందరలో ఉన్న షాపుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

బండి ఎత్తు పెరిగింది కాబట్టి వెనక బ్రేకు గొట్టం బిర్రుగా లాగి ఉందేమో చూడండి. ఇంజను శక్తిని వెనక యాక్సిల్‌కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి, ఒక స్పీడులో అడుగున గుర్రుమనే వణుకు వస్తే యాక్సిల్ దగ్గర వెడ్జ్ (ఏటవాలు) ముక్క వేసి కోణం సర్దాలి.

ఆ కడ్డీ సంగతి

చాలా పికప్పుల్లో వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక వాల్వు ఉంటుంది. షాపుల్లో ఎల్‌ఎస్‌పీవీ (లోడ్ సెన్సింగ్ ప్రపోర్షనింగ్ వాల్వ్) అంటారు. దాని నుంచి ఒక సన్న కడ్డీ గానీ స్ప్రింగు గానీ యాక్సిల్‌కి కట్టి ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందకి దిగితే కడ్డీ కదిలి, “బరువు ఉంది, వెనక బ్రేకు ఎక్కువ ఇవ్వు” అని వాల్వుకి చెబుతుంది. ఖాళీగా ఉండి ఛాసిస్ పైకి ఉంటే వెనక బ్రేకు తగ్గిస్తుంది, లేకపోతే తేలికగా ఉన్న వెనక చక్రాలు పట్టేసి బండి గిర్రున తిరుగుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. మనం పట్టీలు ఎక్కించి ఛాసిస్‌ని పైకి లేపాం. 1,120 కిలోల లోడు వేసినా బండి మునుపటంత దిగడం లేదు. వాల్వు మాత్రం ఇంకా బండి ఖాళీ అనే అనుకుంటోంది. వెనక బ్రేకు సరిపడా ఇవ్వడం లేదు. బండిని చాలావరకు ముందు బ్రేకులే ఆపాలి. ఆ రోజు నా బండి ముక్కు వంగి, ఆగకుండా జారింది అందుకే. అప్పటికే ముందు ప్యాడ్లు కూడా సగానికి అరిగాయి.

మేస్త్రి కడ్డీ బిగింపు వదులు చేసి, కంపెనీ మాన్యువల్‌లో ఉన్న కొలతకి సర్దడానికి అరగంట పట్టింది. కమాన్ల పని చేయించిన ప్రతివాళ్లూ ఆ సాయంత్రమే ఈ పని చేయించాలి. కమాన్ల షాపులో చేతకాకపోతే బ్రేకుల మేస్త్రి దగ్గరికి వెళ్లండి. కొందరు గొడవెందుకని కడ్డీని తీగతో ఒక చోట కట్టేస్తారు, అది ఒప్పుకోకండి. అలా కడితే ఖాళీ బండికీ నిండు బండికీ ఒకటే బ్రేకు, ఏదో ఒక రోజు రెండిట్లో ఒకటి మోసం చేస్తుంది.

టైరు మీద అంకెలు చదవడం

215/75 ఆర్15 అని రాసి ఉందనుకోండి. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. గోడ ఎత్తు 161.25, రెండు వైపులా కలిపి 322.5, రిమ్ము 15 అంగుళాలంటే 381. మొత్తం వ్యాసం 703.5 మిల్లీమీటర్లు.

చాలామంది దీని బదులు వేయాలనుకునే 235/75 ఆర్15కి ఇదే లెక్క వేస్తే 733.5 వస్తుంది. 30 మిల్లీమీటర్లు, అంటే 4 శాతం పైన తేడా. నేల నుంచి యాక్సిల్‌కి పెరిగే ఎత్తు అందులో సగం, ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. దానికి బదులుగా మీటరు 60 చూపిస్తే బండి 62.5 మీద ఉంటుంది, కిలోమీటర్ల లెక్క తక్కువ పడుతుంది, ప్రతి గేరులో లాగుడు 4 శాతం తగ్గుతుంది. సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కేవాళ్లకి ఆ 4 శాతం క్లచ్ వాసనలో తెలుస్తుంది. దిగేటప్పుడు ఇంజను పట్టు కూడా అంతే తగ్గి బ్రేకుల మీద భారం పెరుగుతుంది. కంపెనీ సైజు వ్యాసానికి 3 శాతం దాటకుండా ఉండటం మంచి హద్దు. వెడల్పు పెంచితే ఆ టైరుకి సరిపోయే రిమ్ము వెడల్పు కూడా ఉండాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, లోడుతో గతుకు దాటినప్పుడు మడ్‌గార్డుకి రాసుకోకూడదు.

ఇసుకలో పెద్ద టైరు బాగా లాగుతుందంటారు. కవిటి, సోంపేట తోటల ఇసుక దారుల్లో నేను చూసింది వేరు. అక్కడ పని చేసేది గాలి తగ్గించడం. ఖాళీ బండికి గాలి తగ్గించి మెల్లగా వెళ్తే టైరు అడుగు పరుచుకుని మునగదు. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి, అందుకే చిన్న కంప్రెసర్ ఒకటి బండిలో ఉండాలి.

సైజు కంటే ముఖ్యమైన అంకె దాని పక్కనే ఉంటుంది, లోడు సూచిక. 100 అంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుంది, 104 అంటే 900, 108 అంటే 1,000, 112 అంటే 1,120. నా బండి వెనక 1,830 కిలోలు కదా, ఒక్కో టైరు మీద 915. 104 టైరు వేస్తే మొదటి రోజే హద్దు దాటినట్టు. రోడ్డు ఒక వైపు వాలి ఉంటుంది, బస్తాలు ఒక పక్కకి జరుగుతాయి, అందుకే నేను 112కి వెళ్లాను. అందంగా కనిపించే కారు రకం టైర్లలో ఈ అంకె తక్కువగా ఉండొచ్చు. సైజు సరిపోయిందని కొనేయకండి. ఆ అంకె పక్కనున్న అక్షరం స్పీడు హద్దు: క్యూ అంటే గంటకి 160 కిలోమీటర్లు, ఆర్ అంటే 170.

తయారీ తేదీ కూడా చూడండి. టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్నది కొత్త టైరు ధరకి తీసుకోవద్దు.

ట్రెడ్, అంటే టైరు నేలకి ఆనే ముఖం మీది గీతల విషయానికి వస్తే, హైవే మీదే తిరిగే బండికి నిలువు గీతల టైరు మంచిది. తోటల్లోకి, క్వారీల వైపు వెళ్తే వెనక ముద్దల టైరు. ఒకే యాక్సిల్‌కి రెండు రకాలు వద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే నాలుగూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదలలో ఉండాలి, లేకపోతే ముందు వెనక యాక్సిల్‌లకి శక్తి పంచే గేరు పెట్టె (ట్రాన్స్‌ఫర్ కేసు) నలిగిపోతుంది. స్టెపినీ కూడా అదే సైజు.

గాలి ఎప్పుడూ చల్లటి టైరులో, డోరు దగ్గర స్టిక్కరు మీదున్న లెక్క ప్రకారం పట్టాలి. ఖాళీకీ లోడుకీ వేరే అంకెలు ఉంటాయి. టైరు పక్కన రాసిన గరిష్ఠ గాలి దాటకూడని హద్దు, అది మనం పట్టాల్సిన లెక్క కాదు. ఎండలో దూరం వచ్చాక గాలి పెరిగి కనబడుతుంది, అప్పుడు తీసేయకండి. చల్లారాక తక్కువైపోతుంది, తక్కువ గాలితో లోడు మోస్తే టైరు గోడ వేడెక్కి పేలేది అప్పుడే.

కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి కంపెనీ ఆ మోడల్‌కి ఇచ్చే కట్టలు, కంపెనీ ఒప్పుకున్న సైజు టైర్లలోనే ఉండండి. ఓవర్‌లోడుకి సెక్షన్ 194 కింద 20,000 రూపాయలు, ఆ పైన ప్రతి అదనపు టన్నుకీ 2,000. పని బిల్లులు దాచుకోండి, బీమా దగ్గర అవసరపడతాయి.

ట్రయల్

మొదట ఖాళీగా, తర్వాత సగం లోడుతో, చివర నిండు లోడుతో నడపండి. మూడుసార్లూ టేపు కొలతలు తీసి పాత కాగితం పక్కన రాయండి. ఖాళీ రోడ్డు మీద 40 స్పీడులో బ్రేకు తొక్కి బండి నిటారుగా ఆగుతోందా, ఒక పక్కకి లాగుతోందా చూడండి. వీల్ అలైన్‌మెంట్ చేయించండి. హెడ్‌లైట్లు మర్చిపోతారు చాలామంది. వెనక ఎత్తు పెరిగితే లైటు కిందకి దిగి దారి సరిగ్గా కనబడదు, నిండు లోడుతో మీదకి లేచి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. గోడ ముందు నిలబెట్టి సర్దించండి.

500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ టార్క్‌తో బిగించాలి. పట్టీలు సర్దుకుని మొదట్లో బిగింపు తప్పకుండా వదులవుతుంది. 2,000 కిలోమీటర్లు దాటాక టైరు మీద అడ్డంగా అరచెయ్యి రాసి చూడండి. రెండంచులూ అరిగితే గాలి చాలడం లేదు, నడిమధ్య అరిగితే గాలి ఎక్కువైంది, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్. రంపం పళ్లలా చేతికి గరుకుగా తగిలితే మొదట టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం), తర్వాత షాకులు మళ్లీ చూపించండి.